పిడి వైపు

శుక్రవారం నిజ్వా సూక్‌లో
మేకల బేరాలు ముగిసి దుమ్ము ఇంకా దిగకముందే
కత్తుల వీధిలోకి వచ్చాను.

గోడల నిండా ఖంజర్లు.
వెండి తొడుగుల్లో ఒళ్లు వంచుకుని
విడిదింట్లో పెళ్లికొడుకుల్లా ఉన్నాయి.
నాక్కావలసింది పెళ్లికొడుకు కాదు.
కొండెక్కుతుంటే నడుముని అంటిపెట్టుకుని
రాత్రి గుడారం తాడు కోసి
పొద్దున్నే ఉల్లిపాయ తరిగేది.

"వంటింటికా?" అన్నాడు మొదటి కొట్టువాడు హిందీలో,
నా చున్నీ చూసి, చేతిసంచీ చూసి.
చేపల కత్తి తీశాడు. రొట్టె కత్తి తీశాడు.
జబల్ షమ్స్‌కి, అన్నాను.
అప్పుడు మడతకత్తి తీశాడు,
గులాబీ రంగుది.

మడతకత్తి ఉండేది నాకు.
పోయిన డిసెంబర్లో, వాదీలో, కీలులోకి ఇసక దూరి
తెరుచుకోనంది. తెరుచుకున్నాక మూసుకోనంది.
షైజు దాన్ని మలయాళంలో తిట్టాడు.
టమాటాలు చేత్తో చీల్చుకుని తిన్నాం.
అందుకే ఈసారి కీలు వద్దు.
మొన దగ్గర మొదలైన ఇనుము
ఎక్కడా ఆగకుండా పిడి లోపల
చివరి రివెట్టు దాకా నడవాలి.

మా అమ్మమ్మ కత్తిపీటకీ కీలు లేదు.
ముమ్మిడివరం పెరట్లో ఆవిడ పీట తొక్కి కూర్చుంటే
కత్తి కదిలేది కాదు,
కొరమేనే దాని దగ్గరికి వచ్చేది.
చిన్న చాకైనా చేతికిచ్చేది కాదావిడ.
"కింద పెట్టు. చేతికిస్తే గొడవలొస్తాయి."
నేల మీద పెడితే
నేల మీంచి తీసుకునేవాళ్లం.

నేనేమో పదకొండేళ్లుగా
ఆపరేషన్ థియేటర్లో చేతికిస్తూనే ఉన్నాను.
డాక్టరు చెయ్యి చాపుతాడు. చూడడు.
పిడి టప్పుమని అరచేతిలో పడాలి.
అంచు ఎవరి వైపూ చూడకూడదు.
లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకుని,
ఎన్ని వేల బ్లేడ్లో,
ఒక్కటీ నాది కాదు.

వీధి చివర, మెట్టు కింద కొట్టులో
హమూద్ అనే ముసలాయన సానరాయి తుడుచుకుంటున్నాడు.
ఎందుకని అడగలేదు. చెయ్యి చాపమన్నాడు.
తాకకుండానే అరచేతి వెడల్పు చూసి
లోపల్నుంచి మూడు తెచ్చాడు.

ఒకటి జానెడుంది.
గొర్రెకి సరిపోతుంది. నేను కొయ్యబోయేది కీరదోసకాయ.

రెండోది అందగత్తె, కొమ్ము పిడి.
చెమట పట్టిన చేతిలోంచి జారింది.

మూడోది నా నాలుగు వేళ్లంత అలుగు,
వాదీ తుమ్మ కొయ్యతో పిడి,
వెన్ను మీద బొటనవేలు ఆనడానికి కాస్త గరుకు.
గోటి మీద ఆనించి చూశాను. జారలేదు, పట్టుకుంది.
"తుప్పు," అన్నాడు వేలు ఊపుతూ.
సముద్రం వైపు అయితే రోజూ నూనె, కొండకైతే వారానికోసారి.
స్టీలుది ఉందిట, తుప్పు పట్టదు,
కానీ మొండి. అంత తేలిగ్గా పదునెక్కదు.
నా అలమరాలో కొబ్బరినూనె సీసా ఉంది.
తలకి రాసుకోగా మిగిలింది దీనికి.

తొమ్మిది రియాళ్లన్నాడు. ఆరన్నాను.
ఏడు దగ్గర ఇద్దరం అలిసిపోయాం.

అప్పుడాయన
అలుగుని తన అరచేతిలో పడుకోబెట్టి
పిడిని నా వైపు తిప్పాడు.
అచ్చం నేను తిప్పినట్టే.
పదకొండేళ్లలో నా వైపు పిడి తిరగడం అదే మొదటిసారి.
చెయ్యి చాపాను.
నేను మాత్రం చూస్తూ తీసుకున్నాను.

ఆ రాత్రి కొండ అంచున గాలి
గుడారాన్ని చెంపలు వాయించింది.
షైజు పొయ్యి కోసం రాళ్లు పేరుస్తున్నాడు.
మారివిక్ ఎండుచేపల ప్యాకెట్టు పళ్లతో చింపలేక
చెయ్యి చాపింది, చూడకుండా.
నా చెయ్యి దానంతటదే పిడి తిప్పేసింది.
తిప్పి, సగం దారిలో ఆగింది.

పక్కన బల్లపరుపు రాయి మీద పెట్టాను.
తీసుకో, అన్నాను.
"చేతికివ్వొచ్చుగా?"

ఇవ్వొచ్చు.
కానీ రేపు కిందికి దిగాలి,
ఆ ఇరుకు కారులో, మూడున్నర గంటలు,
మనం మనం మాట్లాడుకుంటూ.