నార ఒలిచేవాళ్ళు

రాజాం ఆసుపత్రిలో
మెట్ల కింది గది నాది.
ఒక సింకు, ఒక స్పిరిట్ దీపం,
ఎడమ కన్ను మూసుకోవడం అలవాటైన నేను.

గోగు కోతలు అయ్యాయంటే
కాళ్ళు వస్తాయి నా దగ్గరికి.
గెడ్డ మడుగులో కట్టలు ఊరేసి
నడుంలోతు నీళ్ళలో రోజంతా నిలబడ్డ కాళ్ళు.
వేళ్ళ సందులు ఒరిసి, తెల్లబడి,
ఎక్కడో గోగుమోడు గీరుకున్నచోట
చీము పట్టినవి.

ఇవాళ కలిశెట్టి తవిటయ్య.
దూదిపుల్లతో పుండు తుడిచి
గాజుపలక మీద పూసి
మంట మీద మూడుసార్లు చూపించాను.
ఊదా రంగు, అయోడిన్, స్పిరిట్ కడుగు,
చివర ఎర్ర రంగు.
కడిగినా ఊదా పోనివి ఒక జాతి.
పోయి, గులాబీగా తేలేవి ఇంకో జాతి.
మందు రాసే డాక్టరుగారికి ఆ మాట చాలు.

తవిటయ్యకి చాల్లేదు.
"ఏటి పాపా, అందల ఏటున్నాయి? పురుగులా?"
కాదు.
"మొక్కలా?"
ఒకప్పుడు అనేవారు.
మా అమ్మ చదివిన పుస్తకంలో మొక్కల వరసలోనే కూర్చోబెట్టారు.
నా పుస్తకం వచ్చేసరికి వేరే రాజ్యం.
మన రాజాం లాగే,
మొన్నటిదాకా శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం.
గెడ్డ ఉన్నచోటే ఉంది,
గీత లేచి అవతలికి నడిచింది.

గీసినవాళ్ళు చెప్పేది ఇదీ, అన్నాను.
ఒంటిగది ఇల్లు.
చుట్టూ గట్టి గోడ.
లోపల అరలు లేవు,
దస్తావేజులు దాచుకునే పెట్టె లేదు.
తాతముత్తాతల నాటి రాతంతా
మొలతాడులా చుట్టుకుని
నట్టింట్లో నేలమీదే పడుంటుంది.
పెట్టె ఉన్న ఇళ్ళు మనవి,
చెట్లవి, చేపలవి, పుట్టగొడుగులవి.

పెట్టె లేని వంశం ఇంకోటీ ఉంది.
కొందరు ఉడుకు ఊటల్లో,
కొందరు నౌపడలాంటి ఉప్పుమళ్ళలో కాపరం.
చూడ్డానికి ఒకేలా ఉంటారు గానీ
గోడ కట్టిన మట్టి వేరు.
"అయితే పాలోళ్ళు కారన్నమాట,"
తేల్చేశాడు తవిటయ్య.

"మరి పిల్లలో?"
తిండి దొరికి, వెచ్చగా ఉంటే
గంటలో మూడుసార్లు
నడిమికి చీలి రెండవుతాయి.
ఏది తల్లో ఏది బిడ్డో అడగడానికి ఉండదు.
పురుడు లేదు. చీలిన తల్లికి
శవమూ లేదు.

పుండు వైపు చూసుకున్నాడు కాసేపు.
లెక్క కడుతున్నాడేమో.
తర్వాత నాకే పాఠం చెప్పాడు:

"గోగుకట్టని ఎవుడు వొలస్తాడనుకున్నావు?
నాను గాదు.
మడుగుల ఏటో దాని బంకంతా తినేస్తాది,
నాను సివర్న సెయ్యి ఎడతాను, అంతే.
ఒక్కనాడు ముందు తీస్తే బెరడు వొదల్దు.
ఒక్కనాడు ఆలీసమైతే నారే మిగల్దు.
వాసన సూసి దిగుతాను.
పేరు తెల్దు గానీ పాపా,
పన్నెండో నాటి వాసన తెలుసు నాకు."

నాకు పేర్లు తెలుసు.
వాసన రాకుండా మూతికి గుడ్డ కట్టుకుంటాను.

మాత్రలు అయిదు రోజులవి.
మూడోనాటికి పుండు ఎండితే ఆపేయొద్దని
రెండుసార్లు చెప్పాను, తల ఊపాడు.
గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చి
"తరవాణి తాగొచ్చా దీని మీద?"
నవ్వొచ్చింది.
తాగొచ్చు. అదీ వాళ్ళ వంటే.
మా అత్త కుండ ఎప్పుడూ పూర్తిగా కడగదు,
అడుగున నిన్నటి పులుపు ఉంచే
ఇవాళ్టి గంజి పోస్తుంది.
ఎందుకని ఎవరూ అడగలేదు ఆమెని.

అతను వెళ్ళాక నూనెచుక్క వేసి వంగాను.
నేరేడు గుత్తులు.
ఊదా, గుండ్రన, ఒకదానికొకటి ఆనుకుని,
రంగు వేయకముందే మంటలో చచ్చిపోయినవి.
బతికుండగా వీటికి రంగు లేదు.
నేను ఎప్పుడూ చూసేది
రంగేసిన శవాల్నే.

కాగితం మీద రాశాను, సంతకం పెట్టాను.
అతను కూర్చున్న బల్ల దగ్గర
గోగు వాసన ఇంకా పోలేదు.
గుడ్డ కిందికి లాగి
గట్టిగా పీల్చాను.

పదోనాడో, పన్నెండోనాడో
నాకు తెలియలేదు.