వాలు

మూడేండ్లు సెల్ఫ్ మోటారు పలకలేదు.
ఇసకపల్లి రొయ్యల గుంటల మధ్య
యాడ చూసినా చదును, పేరుకొక మిట్ట లేదు.
టీ తాగాలన్నా
కాలవ బ్రిడ్జి వాలు దాకా పోవాల్సిందే.
ముందు టైరుకి రాయి.
పొద్దున్నే రాయి తన్ని, ఎగిరెక్కి,
సెకండ్ గేరులో క్లచ్ వదిల్తే
ఒక దగ్గు, బారెడు నల్లపొగ,
అప్పుడుగానీ తెల్లారేది కాదు నాకు.

జిలానీ అట్టముక్కేసుకుని బండి కిందికి దూరాడు.
అరగంట మాటల్లేవు, స్పానర్ల చప్పుడే.
తర్వాత ఒక చెయ్యి బయటికొచ్చింది,
అరచేతిలో అరిగిపోయిన కార్బన్లు,
పాలపళ్లంతే ఉండాయి.
"ఇయ్యే నిన్ను ఏడిపిచ్చింది.
ఉప్పునీళ్లు కారీ కారీ ఎర్తు వైరు గూడా తినేసింది.
చాసిస్ సంగతి మాత్రం
ఇప్పుడు అడగబాక రవణయ్యా."

తాళం తిప్పినా.
ఒక్క తిప్పుకే లేచింది.
ఎందుకో సిగ్గేసింది,
ఇంజన్ ఆపి మళ్లీ తిప్పినా.
మళ్లీ లేచింది.
"చాల్లే, బ్యాటరీ దించుతావు" అన్నాడు జిలానీ.

రాత్రి లోడు దించి
ఇంటి ముందరే ఆపుకోవచ్చు గదా,
బ్రిడ్జి వాల్లో ఆపి
మైలు దూరం నడిచొచ్చినా.
టైరుకి రాయి పెట్టినానో లేదో అని
నడిజాముకి
టార్చిలైటు ఎతుక్కుంటా ఉండా.