గాలి పోయే దారి

ఈ ఏప్రిల్‌లో పాత కూలర్ అడుగు రేకు
అరచేయంత ఊడి చేతికొచ్చింది.
ఎంసీల్ పెట్టాను, తారు పూశాను.
నీళ్ళు మాత్రం రాత్రంతా
కుట్టుమిషన్ కాళ్ళ కిందికి నడిచొస్తూనే ఉన్నాయి.
గడ్డి నల్లబడి
గది నిండా నానిన గోనెసంచి వాసన.

పెద్దది కొనాలనుకున్నాను.
చిలకలగూడలో రెండో అంతస్తు, పైన ఒట్టి స్లాబు,
మధ్యాహ్నం మూడింటికి
ఇస్త్రీపెట్టె కింద జాకెట్టు ముక్కలా ఉంటాను నేను.

రాణిగంజ్‌లో మునీర్ భాయ్ షాపులో
నా అంత ఎత్తున ఒకటుంది,
మూడు పక్కలా తేనెపట్టు ప్యాడ్లు,
స్విచ్చి వేస్తే ఎదుటి షాపు క్యాలెండర్ ఎగిరింది.
"ఇదే కావాలి" అన్నాను.
"గది కొలుచుకొచ్చినవా అమ్మా?" అన్నాడు.

నన్నా అడిగేది!
ఇరవై ఏళ్ళుగా చంకలూ భుజాలూ కొలిచి
కుట్టులో అరంగుళం వదిలే చేతిని.
మెడలో టేపు తీయకుండానే బస్సెక్కొచ్చాను.
పన్నెండు, పది, ఎత్తు తొమ్మిది.
అతను అట్టముక్క మీద గుణించాడు:
వెయ్యీ ఎనభై ఘనపుటడుగులు.
"ఈ గాలంతా రెండు నిమిషాలకొకసారి మారితే చాలు.
ఇది పెడితే అర నిమిషంలో మారుస్తది,
నీ బట్టలు బూజు పడ్తయి, సూదులు తుప్పు పడ్తయి.
పెద్ద చొక్కా తొడిగితే పిల్లగాడు పెద్దోడైతడా?"

నా వృత్తి మాట నాకే చెప్పాడు.
ఊరుకున్నాను.

చిన్నది చూపించాడు. కిటికీకి సరిగ్గా సరిపోయేది.
డబ్బులు లెక్కపెడుతుంటే
తల ఎత్తకుండా అడిగాడు:
"వచ్చే దారి సరే. పోయే దారేది?
ఎదురుగోడకు కిటికీ ఉన్నదా?"

ఉంది.
అది అండాలు వాళ్ళ వరండాలోకి తెరుచుకుంటుంది.
బోరు మోటారు బిల్లులో అరవై రూపాయల దగ్గర
నాలుగేళ్ళ కిందట మాట పెరిగి
గడియ వేశాను.
గడియ మీద పెయింటు కూడా వేయించాను.
"ఉందిగానీ తెరుచుకోదు" అన్నాను.

"అయితే ఏ సైజైనా ఒకటే అమ్మా.
తడిగాలి గదిలోనే తిరుగుతది.
చెమట ఆరదు, కోపమొస్తది,
మళ్ళా వచ్చి నన్ను తిడ్తవు."

ఆటోలో కూలర్ నా పక్కన సీటు మీద,
కొత్త చుట్టంలా బిగుసుకొని కూచుంది.
సికింద్రాబాద్ ఎండ దాని ప్లాస్టిక్ మీద కరిగి కారుతోంది.

ఆ సాయంత్రం
కత్తెర మొనతో పెయింటు గీకాను.
కొబ్బరినూనె పోశాను.
సుత్తి లేదు, రోకలితో కొట్టాను.
నాలుగో దెబ్బకి రెక్క
దగ్గి, దుమ్ము రాల్చి,
జానెడు వెలుగు లోపలికి పడేసింది.

కూలర్ వేశాను.
గాలి నా మెడ వెనక నుంచి వచ్చి
పూర్తికాని జాకెట్ల మీదుగా
గుండీల డబ్బా మూత కదిలించి
ఆ జానెడులోంచి వెళ్ళిపోయింది.
మొదటిసారి తెలిసింది,
చల్లదనం అంటే ఆగకపోవడమని.

అవతల గిన్నె చప్పుడు ఆగింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత, నాలుగేళ్ళ తర్వాత, అండాలు గొంతు:
"ఓ టైలరమ్మా,
నీ గాలికి మా వడియాలు మెత్తబడ్తున్నయి!"

"జర పక్కకు జరుపుకో" అన్నాను.

జరిపిన చప్పుడు వినిపించింది.
చేట ఎంత దూరం జరిగిందో
కొలవలేదు నేను.