వంగిన రెక్క వైపే

గోగు కోసేసిన చేను.
మోళ్లు చెప్పుల్లోంచి కూడా గుచ్చుకుంటాయి.
అవతల నెల్లిమర్ల జూటుమిల్లు గొట్టం
ఆదివారం గనక
పని దొరకనోడిలా నిలబడింది.

వెదురుబొంగుకి కట్టిన పొందూరు ఖద్దరు పీలిక
గాలి ఎటో చెబుతుంది.
తవిటయ్య దాన్ని నమ్మడు,
పిడికెడు ధూళి తీసి వదుల్తాడు.
మోటార్లకి తీగ చుట్టే చెయ్యి.
చూపుడువేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయింది.
ఎలా పోయిందని మొదటివారం అడిగాను.
"తిరిగేదానికి ఎదురుగా నిలబడకు.
పక్కనా నిలబడకు. ఎనకుండు."
అదే జవాబని ఇంటికెళ్లాక తెలిసింది.

ముందు చేతిలోది వెలగాలి,
తర్వాతే దాని కడుపులోది.
ఆర్పేటప్పుడు తిరగేసి.
ఈ ఒక్క మాటకి మూడు ఆదివారాలు పట్టాయి నాకు.
నాలుగోదంతా నడక:
విమానాన్ని అతను పట్టుకుంటే
బలం తగ్గించిన రిమోట్‌తో నేను
ముప్పై అడుగులు, నలభై, బండిబాట దాకా.
ఇక్కడ పుల్ల కదిపితే అక్కడ తోక కదలాలి.
కదిలిందని అతను చెయ్యెత్తాలి.
ఎత్తాడు.
ఇంత దూరం నుంచి నా మాట విన్నది
ఈమధ్య ఇదొక్కటే.

ఐదోవారం ఎగిరింది.
దూరం పోతున్నంతసేపూ బాగుంది.
మలుపు తిరిగి నా మొహమ్మీదికి వస్తుంటే
కుడి ఎడమైంది, ఎడమ కుడైంది,
అద్దంలో చూస్తూ మీసం కత్తిరించుకున్నట్టు.
"ఏ రెక్క వంగింది?"
"అటుది."
"వంగిన రెక్క వైపే పుల్ల తొయ్యి.
తాగొచ్చినోడి భుజం కింద చెయ్యేసి లేపుతావే, అలా."
లేచింది.
మా బావని ఎన్నిసార్లు లేపిందో
ఆ చేతికి గుర్తున్నట్టుంది.

అప్పుడే చంపావతి గట్టు దిగి మేకలు.
ముందు రెండు, ఆ తర్వాత చేను నిండా.
వెనక ఆవిడ, నెత్తిన తువ్వాలు, చెవి దగ్గర ఫోను.
పేరు గురమ్మని తర్వాత తెలిసింది.
నా విమానం చివరి మలుపులో ఉంది,
తాటిచెట్టు ఎత్తున,
బ్యాటరీ అడుగంటి మోటారు ఎక్కిళ్లు పెడుతూ.
"ఓలమ్మా! పక్కకి!" తవిటయ్య కేక.
ఫోన్లో ఎవరో
అంతకన్నా గట్టిగా అరుస్తున్నట్టున్నారు.

దాటేస్తుందేమో.
ఆ 'ఏమో'లో పద్నాలుగు వేలు,
జిరాక్సు షాపులో ఏడు నెలల ఓవర్‌టైం,
రెక్క మీద నేను గీసుకున్న ఎర్ర చార.
దాటకపోతే
కిలోన్నర బరువు, తిరిగే కత్తి, ఒక మనిషి తల.
లెక్క నేను చెయ్యలేదు,
బొటనవేలు చేసింది.
పవరు సున్నా.
సర్కారు తుమ్మ పొదలోకి.

చప్పుడు చిన్నదే. అప్పడం విరిగినంత.

తవిటయ్య పరిగెత్తలేదు, నడిచాడు.
రెక్కని చూడలేదు, నన్నూ చూడలేదు.
ముందు బ్యాటరీ తీగ ఊడబీకాడు.
ఒక మూల ఉబ్బిన దాన్ని
ఇసక పోసిన కుండలో పెట్టి, ఎండుమోళ్లకి దూరంగా
కంకర మీద దించాడు.
"గంట దాకా ముట్టకు."
మెచ్చుకోలేదు. తన టీలో సగం నా గ్లాసులో ఒంపాడు.

గురమ్మ వచ్చింది, చేతిలో ఒక చక్రం.
"బాబూ, నీ పిట్టకాలు.
నా మీద పడిపోద్దనా, ముళ్లలో పడేసినావు?"
అవునన్నాను.
చక్రాన్ని వేలితో కాసేపు తిప్పింది.
"మరి నాను ఏ ఏలకొస్తానో ముందే అడగాల గదా!"

అడగలేదు.
ఐదువారాలు గాలినడిగాం,
అవతలి కరెంటు తీగల్నడిగాం,
గద్దలు ఎప్పుడు తిరుగుతాయో కూడా రాసుకున్నాం.
ఈ చేను మీదుగా రోజూ నడిచే మనిషిని
అడగలేదు.

ఇప్పుడు విజిల్ గురమ్మ మెళ్లో ఉంది.
తవిటయ్య కొత్త దారం కట్టి ఇచ్చాడు.

ఈ ఆదివారం, అతుకుల రెక్క.
ఎర్ర చార సగం దగ్గర తప్పుకుని
మళ్లీ కాస్త కిందనుంచి మొదలవుతుంది.
చేతిలోది వెలిగింది. కడుపులోది వెలిగింది.
నా వేళ్లు పుల్లల మీద లేవు.
మేకల్లో ఒకటి
బొంగు దగ్గర నిలబడి
ఖద్దరు పీలిక నములుతోంది.

గురమ్మ ఇంకా ఊదలేదు.