పది కన్నా తక్కువైతే

కాశీబుగ్గ, సాయంత్రం ఆరు.
బాయిలరు చల్లారుతోంది.
జీడి పొగ ఇంకా నా చొక్కాలోనే ఉంది.

మేక్రో రాసింది నేనే.
పదకొండు వరసల కోడు.
గడిలో అంకె పది కన్నా తక్కువైతే
ఎరుపు పొయ్యమని చెప్పాను.
బటను నొక్కితే చాలు,
నూట నలభై మంది ఆడవాళ్ళ రోజు
కత్తి కింద పిక్కలా
రెండుగా చీలుతుంది.

యజమాని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"బాగుందిరా. మూడు రోజులు వరసగా ఎరుపొస్తే
సోమవారం నుంచి రావద్దని చెప్పు."
అది కోడులో లేదు. నోటితోనే చెప్పాడు.

మొదటి రోజే తప్పు దొరికింది.
రాని మనిషి గడి ఖాళీ.
ఖాళీ అంటే మిషను లెక్కకి సున్నా.
పురిటికి మందస వెళ్ళిన రట్టి నీలమ్మ
మంచం మీద ఉండగానే ఎర్రబడింది.
సరిచేశాను. ఇంకో వరస. పన్నెండు.

తామాడ దాలమ్మని ఏ వరస రాసి సరిచెయ్యను?
ఎనిమిది కిలోలు. ఎనిమిదిన్నర. మళ్ళీ ఎనిమిది.
జీడి రసం తినేసిన వేళ్ళు.
వేలిముద్రల మిషను ఆమెని
గుర్తుపట్టడం మానేసి ఏడాదైంది.
ఓసారి తెర మీదకి వంగి చూసింది.
"ఏటి బాబూ, నా పేరు కాడ కుంకం జల్లీసినావు?"
కాసేపాగి తనే అంది,
"మేమూ రంగు సూసే ఏరతాం.
తెల్లపప్పు ఇటు, మాడింది అటు.
మాడిందాన్ని పారబోసీం గదా,
రేటు తగ్గిత్తాం, అంతే."

నేనేం మాట్లాడలేదు.
కీబోర్డు సందుల్లో పొట్టుంటే ఊదాను.

మూడో సాయంత్రం
ఆమె ఎనిమిదికి ముందు, నెత్తి ఎత్తున,
ఒక కామాని ఎగరేసి కూర్చోబెట్టాను.
ఈగ కాలంత.
గడిలో అది కనబడదు,
కానీ ఇక అది అంకె కాదు, అక్షరం.
అక్షరం ఎప్పుడూ అంకె కన్నా పెద్దదని
ఎక్సెల్ నమ్మకం. ఎవరు నేర్పారో.

బటను నొక్కాను.
ఎరుపు ఆమె గడప దాకా వచ్చి
పక్కింటికి పోయింది.
ఎనిమిది కాస్త ఎడమకి జరిగి నిలబడింది,
మూలన ఆకుపచ్చ మచ్చతో,
చంటిపిల్ల బుగ్గన దిష్టిచుక్కలా.

ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

పొద్దున్నే కబురు.
గోదాం కాటాకీ కాగితానికీ
ఎనిమిది కిలోలు తేడా.
"ఎక్కడికి పోయాయిరా?"

అప్పుడు తట్టింది నాకు,
మొత్తం వేసేటప్పుడు అక్షరాలని కూడరని.
ఎరుపు నుంచి తప్పించిన చేత్తోనే
లెక్కలోంచీ తప్పించేశాను.

ఎక్కడికీ పోలేదు సార్.
ముప్పై ఏడో వరసలోనే ఉన్నాయి,
తెల్లగా, ఎడమకి ఒదిగి,
అందరికీ కనబడుతూ
ఎవరి కూడికలోకీ రాకుండా.
ఈ మాట పైకి అనలేదు.

యజమాని వేలు తెర మీద
పేరు పేరునా దిగుతోంది.
ముప్పై నాలుగు.
ముప్పై అయిదు.
షెడ్డులో కత్తుల చప్పుడు మొదలైంది.