పరకల వాలు

హెండర్సన్, నెవాడా. తెల్లవారుజాము నాలుగున్నర.
పళ్ళ డాక్టరు, పన్నుల ఆఫీసు, కుక్కలకు తలంట్లు పోసే దుకాణం,
మూడింటి ముందూ ఒకటే పచ్చిక.
నిన్నటిదాకా ప్రాణమున్నది.
వేళ్ళతో సహా పెళ్ళగించి, చాపలా చుట్టి లారీకెత్తాం.
అడుగున వానపాములు,
ఈ ఎడారికి వాటినెవరు వెంట తెచ్చారో,
టార్చి వెలుగు పడగానే సిగ్గుపడి ముడుచుకున్నాయి.

మేస్త్రీ ఎలిసెయో బర్రగాన్.
ముప్ఫయ్యేళ్ళు ఈ వీధుల్లోనే గడ్డి కోశాడు.
ఇప్పుడు కంకర మీద దిమ్మిస యంత్రం నడుపుతూ
దవడలు అదురుతుంటే అంటాడు:
"కోసే గడ్డి వారంవారం కూలిచ్చేది, కవేహీ.
పరిచే గడ్డి ఒక్కసారే ఇస్తుంది."

మా అమ్మమ్మది హీలో. వాన తెరిపివ్వని ఊరు.
పది రోజులు పట్టించుకోకపోతే
గడ్డి మెట్లెక్కి వచ్చి తలుపు తడుతుంది.
ఆమెకు ఫోన్లో చెప్పాను,
గడ్డి అమ్ముతున్నాం, చదరపు అడుగుల లెక్కన, అని.
చాలాసేపు నవ్వింది.
తర్వాత, "దానికి ఆకలేస్తే ఏం పెడతారు?" అంది.
ఇసుక, అన్నాను.

ఈ పనిలో మొదటి పాఠం వాలు.
ప్రతి చుట్టలోనూ పరకలు ఒక పక్కకే ఒరిగి పుడతాయి.
అది చూసుకోకుండా రెండు చుట్టలు అతికావా,
ఎంత జిగురు పూయి, ఎన్ని మేకులు కొట్టు,
వీధి అవతల్నుంచే తెలిసిపోతుంది,
ఒకే పక్క మీద అటో మొహం ఇటో మొహం పెట్టుకున్న
మొగుడూ పెళ్ళాల్లా.
"గుమ్మంలోకొచ్చేవాడి వైపు వంగాలి," అంటాడు ఎలిసెయో,
"డబ్బు వాడిది."

సాయంత్రానికి అయిపోయింది.
పన్నుల ఆఫీసు లోర్నా పెట్రాకిస్ చెప్పులు విప్పి
అంచు మీద ఒక్క అడుగు వేసి
"అచ్చం..." అని ఆగిపోయింది.
అచ్చం దేనిలాగో చెప్పలేదు.

జులైలో ఫోను.
పచ్చిక కరుగుతోంది.
నిప్పు లేదు, పొగ లేదు. నెలవంక ఆకారంలో
పరకలన్నీ కాలిన వెంట్రుకల్లా ముడుచుకుపోయాయి.
ఎలిసెయో మోకాళ్ళ మీద కూచుని, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి, వెనక్కి తిరిగాడు:
పళ్ళ డాక్టరు కొత్తగా వేయించిన అద్దాలు.
లోపల చల్లగా ఉండాలని
ఎండను పట్టి పొరుగు గుమ్మంలోకి విసురుతున్నాయి.

కుక్కల దుకాణం డ్వెయిన్
రోజుకు రెండుసార్లు గొట్టం పట్టి గడ్డిని తడుపుతున్నాడు,
అరికాళ్ళు కాలి కుక్కలు గెంతుతున్నాయని.
నీళ్ళు మిగులుతాయనే కదా ఇది వేసింది!
స్థలం యజమాని ఫోన్లో మా ఇద్దరికీ గడ్డి పెట్టాడు.
ఆ ఏడాది అక్కడ
నిఖార్సైన గడ్డి అదొక్కటే.

నల్లటి గ్రాకిల్ పిట్ట ఒకటి తల పక్కకు వంచి
కింద ఏమైనా కదులుతోందా అని వింది.
మళ్ళీ వింది.
ఎగిరిపోయింది.

కాలిన మేరకు కోసి, మిగులు చుట్టలోంచి ముక్క తెచ్చాను.
వాలు కుదిరింది, రంగు కుదరలేదు.
పాతది ఎండకు వెలిసి కాస్త నిజంలా ఉంది.
కొత్తది మరీ పచ్చిగా అబద్ధమాడుతోంది.

కోసిన చోట, డ్వెయిన్ పోసిన తడిలో,
తెల్లటి వేరొకటి.
బెర్ముడా గడ్డి. మేం లారీకెత్తామనుకున్నదే.
కంకర సందుల్లో, చీకట్లో, సూదిమొనంత మొలక
ఏ వాలూ ఎరగక నిటారుగా.

"మందు డబ్బా పట్రా."
లారీ దాకా వెళ్ళాను. నీళ్ళు తాగాను. సీటు కింద వెతికాను.
తిరిగొచ్చేసరికి ముక్క అతికేసి, ఇసుక చల్లి
చీపురుతో పరకలు దువ్వుతున్నాడు.
మందు?
"కొట్టేశాం. రాసుకో."
డబ్బా నా చేతిలోనే ఉంది, మూతైనా తియ్యకుండా.

"మళ్ళీ పిలుస్తార్లే," అన్నాడు లారీ ఎక్కుతూ.
జాలో, కూలి లెక్కో,
నేనడగలేదు.
బిల్లు రాశాను:
ముక్క ఒకటి. మేకులు నలభై.
మందు, ఒక డబ్బా.