ఒకటి తీసెయ్

బేతంచెర్ల పాలిష్ షెడ్డులో
వంకర ముక్కల కొలత మద్దిలేటిది.
బండ మీద జానెడుకొక సుద్దచుక్క పెట్టి
చుక్క నుంచి చుక్కకు గీత కొట్టి కోయించి
టేపు ముట్టకుండా చెప్పేవాడు,
"పదకొండున్నర గళ్లు సార్."

ఎట్లా అంటే,
"లోపలి చుక్కలన్నీ, అంచువి సగం.
ఒకటి తీసెయ్."
ఆ ఒకటెందుకు?
"ఏమో సార్, తీయకుంటే ఎక్కువొస్తాది,
సేటు తిడతాడు."

ఆ ఒకటి కోసం మూడు ఎండాకాలాలు.
పాత హాల్‌టికెట్ల వెనక, స్కూటరు సీటు మీది దుమ్ములో,
కరెంటు పోయిన రాత్రి వేలితో నా మోకాలి మీద.
రెండు ముక్కలు అతికిస్తే
నడిమి గీత మీది చుక్కలు
అంచు వదిలి లోపలికి పోతాయి.
అక్కడ దొరికింది.
ఇంట్లో ఎవరినీ లేపలేదు.
నీళ్లు తాగి మళ్లీ మొదటి నుంచి చేశాను.

టీచర్ల పత్రికలో అచ్చయింది. నా పేరు, పక్కన మద్దిలేటి పేరు.
పన్నెండు కాపీలు కొన్నాను.

కర్నూలు బుధవారపేట నుంచి ఇన్‌లాండ్ లెటరు.
రిటైరయిన లెక్కల మాస్టారు.
"చాలా సంతోషం. అయితే ఇది
దగ్గర దగ్గర వందేళ్ల కిందటే
దూరదేశంలో ఒకాయన అచ్చేసినదే.
మీ రుజువు పూర్తిగా చదివాను.
మూడో పేజీలో ఒక కొమ్ము పోయింది."

చెవులు కాలిపోయాయి.
స్టాఫ్‌రూం కాపీలు వెనక్కి ఏరుకుందామని పోతే
డ్రిల్లు మాస్టారు అప్పటికే
బొరుగులు పొట్లం కట్టేశాడు.

మద్దిలేటి రంపం మీద నీళ్లు పోస్తూ విన్నాడు.
"అయితే తప్పు కాదు గదా?"
కాదు.
"ఆయప్ప గూడా బండల పనేనా?"
తెలీదు.
"ఒకటి తీసినాడా?"
తీసినాడు.
రంపం ఆపి మరీ నవ్వినాడు.
"అయితే ఆయప్పకూ ఒక సేటు ఉండుంటాడు లే."

ఉలి పెట్టి ఒక బండను పొరకు చీల్చాడు.
రెండు ముఖాల మీదా
నల్లటి చెట్టు, అదే కొమ్మ, అదే ఆకు,
ఒకటి కుడికి వంగి, ఒకటి ఎడమకు.
"మరకలని ఎవురూ కొనరు. నువ్వొకటి తీస్కపో."

మా నీళ్లకుండ కింద ఉందది ఇప్పుడు.
రెండోది వాళ్ల గడపలో.

పత్రికకు దిద్దుబాటు పంపాను.
మా రెండు పేర్లకు పైన
ఆయన పేరు వేయమన్నాను.
పేరెట్లా పలకాలో మాత్రం
బుధవారపేటకు రాసి అడిగాను.
ఇంకా జవాబు రాలేదు.